సావేరి పెదవుల మీది మంత్రం

చెంగల్వకు నవ్వొస్తే ఆగదు. నిప్పొచ్చినా అంతే.

అగ్గిపెట్టెలు లేని రోజుల మాట ఇది. ఒక కొండ మీద చిన్న మఠం ఉండేది. అరచేతిలో నిప్పు పుట్టించే విద్యను అక్కడ ఈరమ్మ అనే పెద్దావిడ నేర్పేది. శిష్యురాళ్లు ఇద్దరే. చెంగల్వ వచ్చి అయిదేళ్లయింది. సావేరి వచ్చి మూడేళ్లు.

ఆ విద్యతో పనేమిటంటారా? ముసురు పట్టిందంటే కింది పల్లెల్లో పొయ్యిలన్నీ చల్లారిపోయేవి. కట్టెలు తడి, చెకుముకి దూది తడి. అప్పుడు జనం గొంగళ్లు కప్పుకుని, ఎండు పిడక ఒకటి బట్టల్లో దాచుకుని కొండెక్కేవారు. మఠం పంచలో ఇద్దరు శిష్యురాళ్లూ చెరో పీట మీద కూర్చునేవారు. అరచేయి దగ్గర పెడితే పిడక అంచు రాజుకునేది. దాన్ని కుండపెంకులో పెట్టుకుని, పైన మూత వేసుకుని, ఇంటికి తీసుకెళ్లి పొయ్యి వెలిగించుకునేవారు.

ఒక పిడక రాజుకోవడానికి కందిగింజంత నిప్పు చాలు. చెంగల్వకు మాత్రం వస్తే గుమ్మడికాయంత వచ్చేది.

మొన్న ఒకాయన మీసం సగం కాలిపోయింది. చెంగల్వ భయపడింది గానీ నోరు ఊరుకోలేదు. "రెండోవైపు కూడా తీయించెయ్ మామా, పదేళ్లు తగ్గుతావు" అంది. ఆయన కూడా నవ్వాడు. కానీ మర్నాటి నుంచి అవతలి పీట దగ్గర నిలబడ్డాడు.

నిన్న ఒక పెద్దామె ముంజేయి కాలింది. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రం ఈరమ్మ ఆమె చేతికి ఆకుపసరు రాసి పంపించి, చెంగల్వను పిలిచింది.

"ఈ ముసురు వెళ్లేలోగా ఇంకొక్కరు కాలినా, నీ చేతిలో విద్యను నేనే ఆర్పేస్తాను. తర్వాత ఇంటికి వెళ్లిపోదువుగాని."

చెంగల్వ ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే పీట మీద కూర్చుంది. నవ్వకూడదని పెదాలు బిగించుకుంది. ఎదురుగా ఎవరూ లేరు. సావేరి ముందు మాత్రం వరుస మెట్ల దాకా ఉంది.

చెంగల్వ తలలు లెక్కపెట్టింది. పదిహేడు. ఇది ఇవాళ్టి అలవాటు కాదు. తన ముందు మనుషులున్నప్పుడు కూడా ఆమె కళ్లు అటే ఉండేవి. నిన్న పెద్దామె చేయి కాలినప్పుడు అటువైపు తొమ్మిది మంది ఉన్నారు. ఆ సంగతి చెంగల్వకు బాగా గుర్తుంది.

సావేరిలో ఏముందని? పొట్టిగా, నల్లగా, ముభావంగా ఉంటుంది. ఒక జోకు చెబితే అర్థమయ్యేసరికి తెల్లారుతుంది. పాఠాలు కూడా చెంగల్వే వల్లెవేయించేది. అలాంటి పిల్ల చేతిలో నిప్పు పెంపుడు పిచుకలా కూర్చుంటుంది.

చూడగా చూడగా చెంగల్వ ఒకటి కనిపెట్టింది. ఎవరు ముందుకొచ్చినా సావేరి పెదవులు కదులుతాయి. ఆ తర్వాతే నిప్పు వస్తుంది. ప్రతిసారీ అంతే.

అదన్నమాట సంగతి! చెంగల్వ పీట మీంచి లేచి లోపలికి వెళ్లింది.

ఈరమ్మ అటక మీది పిడకలను చెమ్మ పట్టకుండా తిరగేస్తోంది.

"గురువమ్మా, సావేరికి చెప్పిన మంత్రం నాకెందుకు చెప్పలేదు?"

"ఏ మంత్రం?"

"నాకు తెలుసు లెండి. చిన్నదే, రెండు మూడు మాటలు. వర్షం చప్పుడుకి వినపడదు. రోజూ చూస్తున్నాను."

"రోజూ చూస్తున్నావా?"

"ఒక్కటీ వదలకుండా."

ఈరమ్మ పిడకలు తిరగేయడం ఆపింది. తర్వాత ఒక పిడక తీసి చెంగల్వ చేతిలో పెట్టింది. దండెం మీది తన గొంగళి తీసి తల మీంచి కప్పింది.

"వెళ్లి వరుసలో నిలబడు."

"నేనా? ఆ పిల్ల ముందా?"

"మంత్రం కావాలన్నావుగా."

చెంగల్వ వెనక గుమ్మం నుంచి వెళ్లి వానలో అందరి వెనకా నిలబడింది. గొంగళి ముక్కు దాకా లాక్కుంది. ముందున్న ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"ఆ పీట ఖాళీగానే ఉంది కదే."

"దాని దగ్గరకా? నవ్వుతూ నవ్వుతూనే మా బావ మీసం ఊదేసింది. నీకు పోవడానికి మీసం కూడా లేదు, నెత్తి తగలబెట్టుకుంటావా?"

"పిల్ల మంచిదే పాపం."

"మంచిదే. మనవైపు చూడదు, అంతే."

గొంగళి లోపల చెంగల్వ చెవులు కాలాయి. ఎవరివైపు చూడనట? ఆ నిన్నటి పెద్దామె ముఖాన్ని గుర్తు తెచ్చుకోబోయింది. ముంజేయి గుర్తొచ్చింది, పచ్చ గాజులు గుర్తొచ్చాయి. ముఖం రాలేదు.

వరుస జరిగింది. ఇప్పుడు సావేరి గొంతు వినిపిస్తోంది. చెంగల్వ ఊపిరి బిగబట్టి వింది.

"ఏం వండుతున్నావు తాతా?"

"గంజమ్మా. ముసలిదానికి జ్వరం."

"ఎన్నాళ్ల నుంచి?"

తాత చెబుతూ ఉన్నాడు. పిడక రాజుకుంది. తర్వాత ఆ ఇద్దరు ఆడవాళ్లు.

"ఏం వండుతున్నావు అత్తా?"

"చేపల పులుసు. మీ మామ వాగులో ఒక్క చేప పట్టాడు, ఊరంతా చెప్పుకుంటున్నాడు."

"ఎంతుందేమిటి?"

"ఆయన చెప్పేదాంట్లో పావు వంతు!"

అందరూ నవ్వారు. సావేరి నవ్వలేదు. కానీ ఆమె ముఖంలో ఆ చేప కొలత మీద నిజంగానే ఆలోచన కనిపించింది.

చెంగల్వ వంతు వచ్చింది. పిడక ముందుకు చాపింది. సావేరి వంగి గొంగళి లోపలికి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"ఏం వండుతున్నావు అక్కా?"

చెంగల్వ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. సావేరి తొందర పెట్టలేదు, అలాగే చూస్తూ కూర్చుంది.

"నువ్వు రాత్రి కూడా తినలేదు" అంది చివరికి.

"నీ మంత్రం దొంగిలిద్దామని వచ్చానే" అనేసింది చెంగల్వ.

"నాకు మంత్రాలెక్కడ గుర్తుంటాయక్కా? నువ్వు వల్లెవేయించినవే సగం మర్చిపోయాను. ఎవరేం వండుకుంటారో అడిగితే తప్ప నాకు ఎంత నిప్పివ్వాలో తెలీదు."

చెంగల్వ గొంగళి తీసి మడిచి, తన పీట దగ్గరకు వెళ్లి కూర్చుంది.

మధ్యాహ్నం వాన ఇంకా పెరిగింది. సావేరి ముందు మళ్లీ వరుస కట్టారు. చివర ఒక కొత్త కోడలు వచ్చింది. కాళ్ల పారాణి ఇంకా పూర్తిగా పోలేదు. ఖాళీగా ఉన్న పీట చూసి ఇటు నడిచింది.

"అటు కాదమ్మాయ్!" అని వరుసలోంచి ఎవరో కేకేశారు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. చెంగల్వ ముందు కూర్చుని పిడక చాపింది.

చెంగల్వ అరచేయి పిడక దగ్గర పెట్టింది. ఇంకొక్కరు కాలితే చాలు. అప్పుడే అవతల సావేరి వరుసలో గొల్లున నవ్వులు. చెంగల్వ మెడ దానంతట అదే అటు తిరగబోయింది.

"ఏం వండుతావమ్మా?" అంది చెంగల్వ, మెడ బిగబట్టి.

ఆ అమ్మాయి కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి.

"వంకాయ కూర. అత్తయ్య నాట్లకి వెళ్లింది. నేను ఒక్కదాన్నే వండాలి. ఇదే మొదటిసారి. ఉప్పు ఎంతెయ్యాలో అడుగుదామంటే ఎవరూ లేరు."

"నన్నడుగు! కిందటేడు నేను చేసిన పప్పు ఈ మఠంలో మూడు రోజులు ఎవరూ తినలేదు."

"అంత ఉప్పగా ఉందా?"

"ఉప్పే వెయ్యలేదే!"

ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముక్కుకి చిన్న నత్తు, ఎడమ బుగ్గ మీద సొట్ట. "మరి నేను ముందు కొంచెం వేసి రుచి చూడనా?"

"చూడు. చాలకపోతే మళ్లీ వేసుకోవచ్చు. ఎక్కువైతేనే తీయలేం. మీ ఆయనకి కారం ఇష్టమా?"

"ఏమో. ఇంకా సరిగ్గా మాట్లాడలేదు."

"కూర పెట్టి అడుగు. కూర బాగుంటే వాళ్లే మాట్లాడతారు, బాగాలేకపోతే ఇంకా ఎక్కువ మాట్లాడతారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. లోపలి గుమ్మంలో ఈరమ్మ నిలబడి ఉంది. ఆమె వచ్చిన సంగతి చెంగల్వకు తెలియదు.

"అక్కా," అంది కొత్త కోడలు, "అంటుకుంది. చెయ్యి తీస్తే నేను వెళ్తాను."

చెంగల్వ కిందికి చూసింది. పిడక అంచున కందిగింజంత ఎరుపు రాజుకుంటోంది.

అదెప్పుడు వచ్చిందో ఆమె చూడలేదు.