కొండను తరిమిన ఊరు

ఆ ఊళ్ళో పట్టపగలు దీపాలు పెట్టుకునేవారు.

ఊరి నిండా కొలుములు, బట్టీలు. వాటి పొగ ఎటూ పోకుండా ఊరి మీదే కూర్చుని ఉండేది. ఎదురుగా వచ్చేది ఎద్దో మనిషో తెలిసేది కాదు. అందుకని వీధిలో నడిచేవాళ్ళు ఎవరి పేరు వాళ్ళు పైకి చెప్పుకుంటూ నడవాలని పెద్దలు ఆచారం పెట్టారు. "కంసాలిని, వస్తున్నాను!" "నూనె వర్తకుణ్ణి, నెత్తిన కడవుంది, జాగ్రత్త!" అంటూ వీధులు మారుమోగుతుండేవి. పేరు చెప్పకుండా నడిచేవాణ్ణి పొగరుబోతు కింద జమకట్టేవారు. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని చూపించేవారు కాదు, వినిపించేవారు. కాపురాలు మాత్రం అన్ని ఊళ్ళలో లాగే సాగాయి.

డబ్బున్నవాళ్ళకి అరుచుకుంటూ నడవడం నామోషీ. వాళ్ళు దీపం పట్టేవాణ్ణి పెట్టుకునేవారు. వాడు దీపం పట్టుకుని ముందు నడుస్తూ, వాళ్ళ పేరు వాడే అరుస్తాడు. ఆ పనిచేసే వాళ్ళందరిలోకీ మంచి గొంతున్నవాడు ఒకడుండేవాడు. భార్య పోయింది. ఉన్నది ఒక్క కూతురు. ఆ పిల్లకి ఉబ్బసం. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఏ రాత్రి ఆ ఊపిరి ఆగిపోతుందోనని తండ్రి సగం నిద్రే పోయేవాడు.

వైద్యుడు వచ్చినప్పుడల్లా పిల్లకి సాంబ్రాణి పొగ వేయించేవాడు.

"పిల్లకి పొగ పడటం లేదేమోనండీ" అని తండ్రి ఒకసారి నసిగాడు.

"మన ఊళ్ళో పుట్టి పొగ పడకపోవడమేమిటయ్యా? ఇంకాస్త అలవాటు కావాలి, అంతే" అన్నాడు వైద్యుడు దగ్గుతూ.

ఇంతలో ఊళ్ళోకి ఒక అంటురోగం వచ్చింది. రాజు భయపడ్డాడు. భయపడిన రాజు మంచిపని చేయడం అరుదు గానీ ఈసారి చేశాడు. ఎవరూ గడప దాటకూడదు, కొలుములూ బట్టీలూ ఆర్పేయాలి అని దండోరా వేయించాడు. ఇంటింటికీ బియ్యం పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా, పుచ్చువైతేనేం.

జనం మూతులకి గుడ్డలు కట్టుకుని ఇళ్ళలో కూర్చున్నారు. గాలిలో రోగముందని కిటికీలు బిగించుకున్నారు. చూడబోతే, వాళ్ళకి ఊహ తెలిసినప్పటి నుంచీ గాలి అంత శుభ్రంగా ఎన్నడూ లేదు. ఒళ్ళంతా మసి పూసుకుని వచ్చినన్నాళ్ళూ దాన్ని ఇంట్లోకి రానిచ్చారు. పాపం, అది స్నానం చేసి వచ్చిన రోజున మొహం మీదే తలుపు వేశారు.

దీపాలవాడి ఇంటి కిటికీకి తలుపు లేదు. ఒక పొద్దున వాడు కళ్ళు తెరిచి చూస్తే గోడ దగ్గర కూతురు కనబడలేదు. గబుక్కున లేచి వెతికాడు. పిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళూ చేతులూ పారేసుకుని, చక్కగా గురక పెడుతోంది. వాడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి వెచ్చగా, తీరికగా వస్తోంది. వాడక్కడే కూలబడి ఏడ్చాడు. పని లేదన్న బెంగ, కడుపులో ఆకలి, ఏవీ కాసేపు గుర్తుకి రాలేదు.

అదే పొద్దున రాజు మేడ మీదికి వెళ్ళి కెవ్వుమన్నాడు. ఊరికి ఉత్తరాన ఇంతెత్తున ఒక కొండ నిలబడి ఉంది.

మంత్రీ సేనాపతీ పరుగెత్తుకొచ్చారు.

"ఇది మొన్నటిదాకా లేదు ప్రభూ" అన్నాడు మంత్రి. "మనం తలుపులు వేసుకోవడం కనిపెట్టి పొరుగు రాజు మెల్లిగా జరుపుకుంటూ తెచ్చి ఉంటాడు."

సేనాపతి బాణాలు వేయించాడు. కొండ కదల్లేదు. "మాటకి లొంగే రకం కాదు" అని తేల్చాడు.

చిన్నప్పుడు రాజుని ఎత్తుకుని పెంచిన దాది అప్పటికి ముసలిదై అక్కడే ఒక మూల కూర్చుని ఉంది. ఆమెకి నవ్వొచ్చింది.

"నాయనా, అది నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. దాని మీద నుంచి దిగే నేను ఈ ఊరికి కాపురానికొచ్చాను. మా పుట్టిల్లు దాని అవతలే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నమ్మేవాడివా? కళ్ళెదుట కనబడుతుంటేనే నమ్మటం లేదాయె."

ముసలిదానికి మతి తప్పిందని రాజు జాలిపడ్డాడు.

కొన్నాళ్ళకి రోగం నెమ్మదించింది. తలుపులు తెరుచుకున్నాయి. వీధిలోకి వచ్చిన జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని జడుసుకున్నారు. రాజు సభ పెట్టి ఎవరి కష్టం వాళ్ళని చెప్పుకోమన్నాడు. బట్టల మీది మరకలు కొనేవాళ్ళకి కనబడిపోతున్నాయని వర్తకుడు మొత్తుకున్నాడు. కోటగోడ ఎంత నల్లగా ఉందో పిల్లలు కూడా వేలెత్తి చూపిస్తున్నారని మంత్రి చిన్నబుచ్చుకున్నాడు. "ఆకలేస్తోంది మహాప్రభూ" అన్నారు కొలుముల వాళ్ళు. నిజంగా కష్టమున్నది వాళ్ళొక్కళ్ళకే. చివర్లో సేనాపతి లేచి, "కొండ మనల్నే చూస్తోంది" అన్నాడు.

ఆ మాటతో రాజు తెగించాడు. "కొలుములు రేపే వెలిగించండి. మునుపటికి రెట్టింపు వెలిగించండి."

తర్వాత దీపాలవాణ్ణి పిలిపించాడు. "ఇకమీదట నువ్వు నా ముందు నడవాలి. నా బిరుదులన్నీ నువ్వే అరవాలి. ఏడాదికి సరిపడా గింజలు, ఉండటానికి కోట పక్కన ఇల్లు."

దీపాలవాడి నోరు ఊరింది. వంగి దండం పెట్టి బయటికి వచ్చాడు. వాకిట్లో దాది ఎదురైంది.

"ఏరా, కొలువు దొరికితే సంతోషించక ఆ మొహమేమిటి?"

"పిల్ల ఇప్పుడు పడుకుంటోందవ్వా" అన్నాడు వాడు.

ఆమెకి అంతకంటే చెప్పక్కర్లేకపోయింది. "కొలుములు రాజుకునేదాకా కొండదారి కనబడుతుంది. ఆ తర్వాత నేను చెయ్యి పట్టి చూపించినా నీకు కనబడదు. అవతల మా అన్నదమ్ముల పిల్లలున్నారు. నా పేరు చెప్పు, గంజి పోస్తారు."

"అక్కడ నేనేం పని చేస్తానవ్వా? పట్టపగలు దీపం ఎవడికి కావాలి?"

"ఎవడికీ అక్కర్లేదు. అది తెలుసుకునే వెళ్ళు."

వాడికి దీపం పట్టడం తప్ప మరో పని రాదు. వాడి తండ్రికీ రాదు. పస్తులంటే వాడికి మామూలు భయం కాదు. ఇంటికొచ్చి మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంటే ఎటూ తేలలేదు. మర్నాడు తెల్లవారుతూనే ఎక్కడో మొదటి కొలిమి రాజుకుంది. నిద్రలోనే పిల్ల ఒక్కసారి దగ్గి, కళ్ళు తెరవకుండానే లేచి గోడ కోసం తడుముకుంది.

వాడింక ఆలోచించలేదు. పిల్లని భుజానికెత్తుకుని, దీపం చూరుకే వదిలేసి, వీధిలో పడ్డాడు. దారిలో ఎవరికీ పేరు చెప్పలేదు. ఎవరో తిట్టారు కూడా.

మధ్యాహ్నానికి కొలుములన్నీ ఎర్రబడ్డాయి. పొగ లేచి ఊరి మీద మళ్ళీ స్థిరపడింది. రాజు మేడ మీదికి వెళ్ళి చూశాడు. ఉత్తరాన ఏమీ లేదు.

"పారిపోయింది!" అని గంతేశాడు.

"పొమ్మంటే పోనిదాన్ని పొగబెట్టి పంపించాం ప్రభూ" అన్నాడు మంత్రి.

ఊరంతా జయభేరి మోగించారు. ఔట్లు, తారాజువ్వలు కాల్చారు. రాజుకి కొండల్ని జయించినవాడని బిరుదిచ్చారు. దాన్ని అరవడానికి దీపాలవాడి కోసం వెతికితే ఎక్కడా లేడు. కొండ పారిపోతూ పారిపోతూ వాణ్ణి పట్టుకుపోయిందని సేనాపతి సభకి విన్నవించాడు. జనం నమ్మారు. కొందరు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం కొండ మీద ఒక బండ పైన దీపాలవాడి కూతురు కూర్చుని సీతాఫలం తింటోంది. ఆయాసం లేకుండా అంత ఎత్తు తనే ఎక్కానని గొప్పలు పోతోంది. నిజానికి సగం దూరం నాన్న భుజం మీదే వచ్చింది. గింజ ఊసేసి కిందికి తొంగిచూసింది. ఇళ్ళు లేవు, కోట లేదు, వీధులు లేవు. పొగ లోపలెక్కడి నుంచో డప్పుల చప్పుడు మాత్రం వస్తోంది.

"నాన్నా, వాళ్ళు మళ్ళీ తలుపులు వేసుకున్నారా?"

దీపాలవాడూ కిందికి తొంగిచూశాడు.

"వేసుకున్నారమ్మా. ఈసారి రోగం తగ్గాక వేసుకున్నారు."