పీత డొల్లలకు పట్టిన మొలకల సారం

కాలవగట్టు పక్కన పశువుల సావిట్లో కర్రెన్న అనే ముసలి ఎద్దు గాలికుంటు జబ్బు సోకి నోరంతా పుండ్లతో పడుకుంది. యజమానురాలు రోజూ రాగిజావ పోసేది. అది బంకలా సాగి గొంతు దిగేది కాదు. మూడు రోజులు పస్తుండేసరికి కర్రెన్న బతుకు మీద ఆశ వదులుకుంది.

దూలం మీది ఉడుత పొన్నమ్మ చూసి కిందికి దిగింది.

"మొలకెత్తిన రాగుల్లో ఒక సారం ఉంటుంది మావా. గింజ తన పిండిని కరిగించి మొలకకు పెట్టుకునేది దాంతోనే. నీ జావనీ కరిగిస్తుంది" అంటూ గుప్పెడు మొలకల పిండి కలిపింది.

కాసేపటికి జావ పలచనై తియ్యగా మారింది. కర్రెన్న తొట్టి ఖాళీ చేసింది.

పూటకో గుప్పెడంటే మొలకలు ఎన్నాళ్ళొస్తాయి? పొన్నమ్మ కాలవగట్టున దొరికిన పీత డొల్లల్ని నలగ్గొట్టి మొలకల నీళ్ళలో నానేసింది. సారం పలుకులకు పట్టుకుంది. వాటిని సన్న చిల్లుల కొబ్బరిచిప్పలో పోసి జావలో కదిపితే చాలు. తర్వాత కడిగి మళ్ళీ వాడుకోవచ్చు.

తియ్యటి వాసనకు నక్క జగ్గులు వచ్చింది. "ఆ కిటుకేదో నాకూ చెప్పు వదినా."

"చెవి ఆనిస్తే ఓర్చుకునేంత వేడి చాలు. కాగేదాంట్లో ముంచితే సారం చచ్చిపోతుంది."

అసలు సంగతి దాస్తోందనుకుంది జగ్గులు. పొన్నమ్మ అటు వెళ్ళగానే చిప్ప ఎత్తుకుపోయి, ఇటుకబట్టీ కూలీల పొయ్యి మీద సలసల కాగే జావలో ముంచింది. ఎంతసేపటికీ పలచబడలేదు. ఆత్రం ఆపుకోలేక నోరు పెట్టింది. నాలుక కాలింది, పళ్ళు అంటుకుపోయాయి.

ఇక్కడ కర్రెన్న ఖాళీ కడుపుతో ఎదురుచూస్తోంది. పొన్నమ్మ చూరులో ఎండబెట్టి దాచుకున్న మొలకల మూట తెచ్చి విప్పింది.

"అవి నీ వానాకాలం తిండి కదే" అంది కర్రెన్న.

"నువ్వు లేచి నిలబడు మావా, నా తిండి నేను వెతుక్కుంటాను."

కర్రెన్న కళ్ళు తడిశాయి. పది రోజుల్లో పుండ్లు మాని ఎండుగడ్డి నమిలింది. ఆ వానాకాలమంతా పొన్నమ్మను వీపు మీద ఎక్కించుకుని, గింజలు రాలిన ప్రతి చోటికీ తిప్పింది.

జగ్గులు మాత్రం చిప్ప తెచ్చిచ్చి, "దీన్ని బతికించు వదినా" అని బతిమాలింది.

"ఒకసారి కాగిన సారం తిరిగి రాదు. నిజమే చెప్పాను, నువ్వే నమ్మలేదు" అంది పొన్నమ్మ.

మేలు చేసేదాని సున్నితత్వం తెలుసుకుని వాడుకున్నవారికే ఆ మేలు పదేపదే అందుతుంది.