గానుగ రాకముందే సాక్ష్యం

ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో సువార్తమ్మ నూనె గానుగ పెట్టాలనుకుంది. పనితనం ఉంది, పెట్టుబడే లేదు. సంఘపెద్ద ఆశీర్వాదంగారేమో, "విశ్వాసి వ్యాపారానికి విశ్వాసి సొమ్మే పునాది. బయటివాళ్ళ దగ్గర చెయ్యి చాపకూడదు" అని ప్రతి ఆదివారం ఊదరగొట్టేవారు. తీరా చూస్తే ఊళ్ళో సొమ్మున్న విశ్వాసి ఆయనొక్కరే.

సరే కదా అని వెళ్తే, "ప్రార్థన చేద్దాం, సువార్తమ్మా" అనేవారు. నువ్వులు కోతకొచ్చాయన్నా ప్రార్థనే, మంచి ఎద్దు బేరానికొచ్చిందన్నా ప్రార్థనే. తిరిగి తిరిగి ఆమె కాళ్ళరిగిపోయాయి.

"ఇంకా ఎన్నాళ్ళండీ ఈ ప్రార్థన?" అంది విసిగిపోయి.

"నీకు విశ్వాసం చాలదమ్మా. అడిగింది దొరికేసినట్టే నమ్మి, ముందే స్తుతి చెల్లించాలి" అని మందలించారాయన.

ఆ ఆదివారం గుళ్ళో సాక్ష్యాలు చెప్పే వేళ సువార్తమ్మ లేచింది. "నా గానుగకి పెట్టుబడి పెట్టిన ఆశీర్వాదంగారిని బట్టి దేవునికి స్తోత్రం!"

గుడంతా హల్లెలూయా అని మార్మోగింది. పాస్టరుగారు పరుగున వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు.

"నేనెప్పుడిచ్చానే?" అని ఆయన ఆమెవైపు వంగి, గొంతు తగ్గించి పళ్ళు కొరికారు.

"దొరికేసినట్టే నమ్మమన్నది మీరే కదా, పెద్దయ్యగారూ! ఇవ్వలేదని లేచి చెప్పండి. తప్పు నా సాక్ష్యానిదో మీ బోధదో సంఘమే తేలుస్తుంది."

ఆయన లేచి, "స్తోత్రం" అని గొణిగి కూర్చున్నారు. మర్నాడే ఎద్దుతో సహా గానుగ వచ్చింది. అది ఒక చుట్టన్నా తిరక్కముందే ఆశీర్వాదంగారు గుమ్మంలో నిలబడి, "లాభంలో నా వాటా ఎప్పుడమ్మా?" అన్నారు.

సువార్తమ్మ ఎద్దుని అదిలిస్తూ అంది:

"ప్రార్థన చేద్దాం, పెద్దయ్యగారూ."