ఎవరికీ ఏమీ కాని దేశం

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఉత్త ఊరు కాదే బుజ్జీ, ఆ ఊరే ఒక దేశం. పేరు ఏటిరేవు. ఎంత చిన్నదంటే, అక్కడ ఎవరైనా తుమ్మితే పక్క దేశం వాళ్ళు "చిరంజీవ" అనేవాళ్ళు. ఏటికి ఈ గట్టున పసుపు తలపాగాల దేశాలు పదహారు. ఆ గట్టున నీలం తలపాగాల దేశాలు పదిహేడు. మధ్య లంకలో ఇది.

ఒకసారి పసుపు రాజుకీ నీలం రాజుకీ ఎవరి మీసం పొడుగని పేచీ వచ్చింది. అప్పుడు లోకమంతా రెండు జట్లయి యుద్ధానికి దిగింది. ఆ కేకలకి ఏట్లో చేపలు బెదిరి తాటిచెట్లెక్కాయి. మా అమ్మమ్మ నిచ్చెనేసి నాలుగింటిని దింపిందట.

ఏటిరేవు మాత్రం ఏ జట్టులోనూ చేరలేదు. వాళ్ళకి బట్టలుతకడం తప్ప ఇంకో పని రాదు. పసుపు వాళ్ళ చొక్కాలూ ఉతికేవాళ్ళు, నీలం వాళ్ళ చొక్కాలూ ఉతికేవాళ్ళు. సైనికులు పడవలో వచ్చి మూటలు విసిరి పోయేవాళ్ళు. కూర్చునేవాళ్ళు కాదు, మంచినీళ్ళయినా అడిగేవాళ్ళు కాదు. అన్నా అనో, అత్తా అనో వరస పెట్టి పిలిచిన మనిషి లేడు. ఏ గట్టు వాళ్ళూ పెళ్ళికి పిలిచింది లేదు.

ఆ దేశంలో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఉన్నదల్లా తమ్ముడు సన్నాసి ఒక్కడే. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది, అక్కని వాడు అప్పా అనేవాడు. వాడికి గెడ్డం మీసం వచ్చినా మాట్లాడే తోడు దొరకలేదు పాపం. ఆరేసిన చొక్కాల చేతులు పట్టుకుని ఊపుతూ, ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగేవాడు.

ఒకరోజు పసుపు సైన్యాన్ని నడిపే దళవాయి రంగప్ప వచ్చాడు. అందరిలా పోలేదు. చతికిలబడి ఏడు కుండల అంబలి తాగాడు. మూతి తుడుచుకుని, "ఏం బావా, బావున్నావా?" అన్నాడు సన్నాసిని.

బావా! పుట్టి బుద్ధెరిగాక వాడికి మొదటి వరస అది. వాడు ఏడ్చిన ఏడుపుకి ఏరు రెండు మూరలు పొంగింది.

ఆ తర్వాత రంగప్ప ఒక చిన్న కోరిక కోరాడు. నీలం చొక్కాల పక్కన మావి ఆరేస్తే మా కుర్రాళ్ళకి కళ్ళు మండుతున్నాయి, వేరే తాడు కట్టమన్నాడు. బావ అడిగాక ఒక తాడుకి ఏం వచ్చిందని కట్టారు.

ఆ తర్వాత ఇంకోటి. మావి ముందు ఉతకండి, వాళ్ళవి తర్వాత చూద్దురుగాని అన్నాడు. సరే అన్నారు. నీలం వాళ్ళు తడి చొక్కాలతో యుద్ధానికి పోయి తుమ్ముకుంటూ కత్తులు తిప్పారు.

మూడోసారి నవ్వుతూ, వాళ్ళ చొక్కాలు ఈ వారం ఎన్నొచ్చాయి బావా అని అడిగాడు. చొక్కాల లెక్కంటే మనుషుల లెక్కే కదే. సన్నాసి ఆ మాట ఆలోచించలేదు. అడిగినవాడున్నాడన్న సంబరంలో, వేళ్ళు మడిచి మరీ చెప్పేశాడు. ఏ రేవు పక్క విడిది చేశారో కూడా చెప్పాడు.

మర్నాడే పసుపు దండు అక్కడ విరుచుకుపడింది. ఆ వారం నీలం మూటలు సగమే వచ్చాయి. గవరమ్మ ఉతుకుతూ ఉతుకుతూ చెయ్యి ఆపింది. "ఇవి తగ్గింది నీ నోటి వల్లరా," అంది. వాడు మూడు రోజులు అన్నం ముట్టలేదు.

అప్పుడు నీలం వాళ్ళకీ సంగతి తెలిసింది. నిప్పుబాణాలు వేసి లంకలో బట్టలారేసే తాళ్ళన్నీ తగలబెట్టారు. పొగ తగ్గకముందే రంగప్ప పడవ నిండా పసుపు తలపాగాలు వేసుకొచ్చాడు. ఇప్పుడు మీకు మేం తప్ప ఎవరున్నారు బావా, అన్నాడు.

ఒకడు చుట్టుకున్నాడు. వాణ్ణి చూసి పదిమంది. ఆఖరికి సన్నాసి కూడా.

"నీ తలకి గుడ్డే కావాలంటే నా చీర చింపిస్తాను. అది తీసెయ్యరా," అంది గవరమ్మ.

"ఇన్నాళ్ళకి మనల్ని మనవాళ్ళన్నారప్పా. కాదంటే మళ్ళీ మనకెవరున్నారు?"

"నేను లేనా?"

వాడు తలపాగా బిగించుకున్నాడు. తల వంచుకుని పడవెక్కాడు.

ఊరంతా రంగప్ప వెంట పోయాక ఏటిరేవులో గవరమ్మ ఒక్కతే మిగిలింది. ఎంత ఒంటరిదంటే, ఆవిడ నీడ కూడా మధ్యాహ్నం కాగానే కాళ్ళ కిందికి పోయి దాక్కునేది. ఒక బండ మీద కూర్చుని తన చీరే ఉతికేది, ఆరకముందే మళ్ళీ ఉతికేది. సన్నాసి కబురు ఏ గట్టు నుంచీ రాలేదు.

అప్పుడొకరోజు ఇద్దరు రాజుల దూతలూ రెండు పడవల్లో వచ్చారు. ఈ దేశం ఎటువైపో ఈ రోజు తేలిపోవాలన్నారు.

"ఉండండి నాయనా, అందర్నీ అడిగి చెప్తాను," అంది గవరమ్మ.

చెయ్యి తుడుచుకుని లేచింది. మొదటి ఇంటి తలుపు తట్టింది, ఆగింది. రెండో ఇల్లు తట్టింది, ఆగింది. అలా ఖాళీ ఇళ్ళన్నీ తిరిగింది. చివరికి తన ఇంటికే వచ్చి తలుపు తట్టింది. సన్నాసి పడుకునే అరుగు దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడింది.

పొద్దు వాలాక రేవుకి తిరిగొచ్చింది.

"అందర్నీ అడిగాను. ఎటూ కాదట," అంది.

కథేమో కంచి దారి పట్టింది,
కంటికేమో కునుకు పట్టింది,
గట్టిగా నా చెయ్యి పట్టుకో బుజ్జీ, మన ఇల్లొచ్చేసింది.