పడుకున్న ముక్క కాపు కాయదు

అనగనగా అన్నాక ఒక రాజు ఉండి తీరాలి కదా, ఉన్నాడు. ఆయన పేరు కేదారవర్మ, ఏలేది నీలకోన. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక మేనకోడలు. మేనకోడలి పేరు విరజాజి. నలుగురూ ఒకే కంచంలో తిని పెరిగారు. ఇంకొకరు కూడా ఉన్నారండోయ్, బుల్లెమ్మ. బుల్లెమ్మ అంటే మనిషి కాదు, ముంగిస. చిన్నవాడు మకరందుడి ఉయ్యాలలోనే వాడితోపాటు పడుకుని పెరిగింది. దానికి మాటలూ వచ్చు. కథలో కూడా ముంగిసకు మాటలు రాకపోతే ఇంకెక్కడ వస్తాయి?

ఒకనాడు ధూమకంఠుడనే మాంత్రికుడు పొగలా వచ్చి విరజాజిని ఎత్తుకుపోయాడు. వాడి దీవి ఏడు సముద్రాల అవతల. "నాతో ముక్కలాట ఆడి గెలిచినవాడికే పిల్లనిస్తాను. ఓడినవాడు నా పెట్టెలో బొమ్మముక్కై పడుంటాడు" అని చాటించాడు.

ఏమిటా ఆట అంటారా? ఇది తెలియకపోతే కథ తెలియదు, అల్లరి ఆపి వినండి. ఒక్కొక్కరికి మూడు ముక్కలు, మూడు దీపాలు. ఎవరి ముక్కలు వాళ్లే గీసి తెచ్చుకోవాలి. ముక్క మీద ఏ జంతువుంటే దానికి ఆ బలం. నీ వంతు వస్తే ఎన్ని ముక్కలతోనైనా కొట్టొచ్చు. అవతలివాడు ఒక్కో దెబ్బకు ఒక్కో ముక్కను అడ్డు పెట్టొచ్చు. అడ్డు పెడితే రెండింట్లో బలం తక్కువది చినుగుతుంది, సరిసమానమైతే రెండూ మిగులుతాయి. పెట్టకపోతే ఒక దీపం ఆరుతుంది. మూడూ ఆరితే ఓటమి. అయితే కొట్టిన ముక్క అలిసి పడుకుంటుంది, మళ్లీ తన వంతు వచ్చేదాకా లేవదు. పడుకున్న ముక్క కాపు కాయదు.

పెద్దవాడిది ఉడుకు నెత్తురు. మూడు సింహాలు గీసుకుని వెళ్లి, కూర్చోగానే మూడింటితోనూ కొట్టాడు. మాంత్రికుడి ఏనుగు, పులి రెండింటిని ఆపాయి. మూడోది ఒక దీపం ఆర్పి పడుకుంది. ఆ వెంటనే ఏనుగు, పులి, చిలుక మూడూ కలిసి మీదికొచ్చాయి. ఆపేవాళ్లేరీ? పెద్దవాడు పెట్టెలో బొమ్మైపోయాడు.

రెండోవాడిది అతిజాగ్రత్త. మూడు ముక్కలూ నిలబెట్టుకుని, ఒక్క దెబ్బా కొట్టకుండా కూర్చున్నాడు. మాంత్రికుడూ కూర్చున్నాడు. తన దీపాల్లో విరజాజి చేత నూనె పోయించుకున్నాడు. మనవాడికి పోసేదెవరు? దీపాలు వాటంతటవే కొండెక్కాయి. రెండోవాడూ పెట్టెలో పడ్డాడు.

పడవవాళ్లు తిరిగొచ్చి ఈ సంగతంతా చెప్పేసరికి రాణి ఏడ్చింది. మకరందుడు తల్లి కన్నీళ్లు తుడిచి, బుల్లెమ్మను భుజాన ఎక్కించుకుని ఓడెక్కాడు.

ఓడలో బుల్లెమ్మ తాటాకు ముక్కలు పేర్చి, కొబ్బరి చిప్పలు దీపాలనుకుని ఆట నేర్పింది. మొదటి సముద్రంలో ఓడాడు. రెండో సముద్రంలో ఓడాడు. మూడో సముద్రంలో ముక్కలన్నీ నీళ్లలోకి విసిరేశాడు.

"విసరడం వచ్చింది, ఇక ఆడటం నేర్చుకో నాయనా" అంది బుల్లెమ్మ. "నేను పామును ఎప్పుడు పడతానో ఎన్నడైనా చూశావా?"

"పడగెత్తినప్పుడు."

"అప్పుడు పడితే నీకు ఈ బుల్లెమ్మ ఉండేదా? పడగెత్తినంతసేపూ తప్పుకుంటాను. అది కాటేయబోయి బారుగా చాచుకుపోతుందే, అప్పుడు పడతాను. కొట్టినవాడు మళ్లీ లేచేలోపే నీ దెబ్బ పడాలి."

మకరందుడు కాసేపు ఆలోచించాడు. "బుల్లెమ్మా, ఆ చిలుక పెద్దన్న దగ్గర కొట్టడానికి వచ్చిందట, అడ్డుకు మాత్రం రాలేదట. ఎందుకంటావు?"

"అది వెళ్లి ఆ మాంత్రికుణ్ణే అడుగు" అంది బుల్లెమ్మ, ముచ్చటపడి వాడి చెవి కొరుకుతూ.

అలా ఏడు సముద్రాలూ దాటారు. మకరందుడు తాబేలును, పొట్టేలును, ముంగిసను గీసుకుని దీవిలో దిగాడు. నూనె జాడీతో నిలబడ్డ విరజాజి చిక్కిపోయి ఉంది. అయినా వాడి ముక్కలు చూసి నవ్వింది.

"ఏం బావా, సింహాలు దొరకలేదా?"

"నిన్ను తీసుకెళ్లడానికి ఇవి చాలులే మరదలా."

మొదటి వంతు మకరందుడిది. కొట్టలేదు. "రెండో అన్నకు తమ్ముడివే" అని వెక్కిరించి మాంత్రికుడు ఏనుగును తోలాడు. తాబేలు అడ్డుపడి డిప్పలోకి ముడుచుకుంది. ఏనుగు ఎంత తొక్కినా డిప్ప పగల్లేదు. అలిసిపోయి ఏనుగు పడుకుంది.

రెండో వంతు. మకరందుడు పొట్టేలుతో, ముంగిసతో కొట్టాడు. పులి పొట్టేలును చీల్చేసింది, పాపం. ముంగిస దూరిపోయి ఒక దీపం ఆర్పింది. చిలుక పక్కనే నిలబడి కూడా కదల్లేదు. మాంత్రికుడికి ఒళ్లు మండింది. లేచిన ఏనుగునూ పులినీ ఒక్కసారే తోలాడు. ముంగిస పడుకుని ఉంది. తాబేలు ఏనుగును ఆపింది, పులి మకరందుడి దీపం ఒకటి ఆర్పింది.

ఇద్దరికీ రెండేసి దీపాలు మిగిలాయి. మూడో వంతు మకరందుడిది. మాంత్రికుడి ఏనుగు, పులి పడుకున్నాయి. చిలుక ఒక్కటే నిలబడి ఉంది. మకరందుడు ముంగిసతోపాటు తాబేలును కూడా ముందుకు తోశాడు.

"బావా!" అని అరిచింది విరజాజి. "కాపు ఒక్కటీ మిగల్లేదు!"

నిజమే. చిలుక ఒక్క దెబ్బను ఆపితే చాలు, మాంత్రికుడికి ఒక దీపం మిగులుతుంది. మరు వంతులో ఏనుగూ పులీ కలిసి మకరందుణ్ణి పెట్టెలోకి తోసేస్తాయి. బుల్లెమ్మ తోక వాడి మెడకు గట్టిగా చుట్టుకుంది.

మాంత్రికుడి చెయ్యి చిలుక మీదికి వెళ్లింది, ఆగిపోయింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ ఆగిపోయింది. ముంగిసకెదురు పెట్టినా, తాబేలుకెదురు పెట్టినా చిలుక చినగడం ఖాయం. వాడి ప్రాణమంతా ఆ చిలుకలోనే ఉంది మరి.

"ఓడాను" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాడి రెండు దీపాలూ ఆరిపోయాయి.

పెట్టె మూత తెరుచుకుంది. అన్నలిద్దరూ బయటికొచ్చి తమ్ముణ్ణి కావలించుకుని భోరుమన్నారు. ముక్కలోని చిలుక నిజం చిలుకై రెక్కలు విదిలించింది. బుల్లెమ్మ పళ్లు నూరింది.

"దాన్ని చంపకు నాయనా" అని ధూమకంఠుడు చేతులు జోడించాడు. ఎన్నేళ్లుగా ఒక్కడే ఉన్నాడో ఏమో, ముసలాణ్ణి చూస్తే మకరందుడికి జాలేసింది.

"చంపను. మా ఇంట్లో ఉంటుంది. నువ్వే వచ్చి రోజూ దానికి జామపండు తినిపించు. మళ్లీ ఎవరినైనా ఎత్తుకుపోయావో, బుల్లెమ్మ ఊరుకోదు."

మకరందుడికీ విరజాజికీ ఊరంతా అప్పాలు పంచి పెళ్లి చేశారు. అన్నల ఇష్టంతోనే చిన్నవాడు గద్దెనెక్కి, జుట్టు నెరిసేదాకా చల్లగా ఏలాడు. ధూమకంఠుడు జామపండు పెట్టడానికి వచ్చి వచ్చి అక్కడే ఉండిపోయాడు. రాజుగారి పిల్లలకు ఆట నేర్పింది ఆయనే. చిలుకేమో బుల్లెమ్మ వీపెక్కి కునికేది.

"తాతా, ఆ రోజు చిలుకను అడ్డు పెట్టి ఉంటే గెలిచేవాడివేమో కదా?" అని అడిగింది చిన్నపిల్ల.

"గెలిచినా సంతోషించడానికి నేనుండాలిగా తల్లీ" అని నవ్వి, ముసలాయన ఆ పిల్లను ఒళ్లోకి లాక్కున్నాడు. "ఉండి ఓడాను కాబట్టే కదా, మీరు దొరికారు."

కథ తన ఓడెక్కి వెళ్లిపోయింది, మీరూ మీ పక్కలెక్కండి.