గవర్రాజు ఎండబెట్టిన టెంకలు

గోదావరి కాలువ పక్కన ఒక ఊళ్ళో గవర్రాజు అనే మామిడి తాండ్ర వ్యాపారి ఉండేవాడు; పనిలో ఘనుడే కానీ, ఎవరేం చెప్పినా "నాకు తెలీదేంటి?" అనేవాడు.

ఏటా వేసవిలో అతని పాకలో బండ్లకొద్దీ పళ్ళు పిసికేవారు. రసం చాపల మీద ఎండి తాండ్ర అయ్యేది. టెంకలేమో కాలువ గట్టున గుట్టగా పడేవి. అబ్బో, ఆ ఈగలు, ఆ కంపు! ఈ ఏడు మొదటి గుట్ట పడగానే పంచాయతీవాళ్ళు వచ్చారు. "పది రోజుల్లో ఇది తీయకపోతే పాకకి తాళం వేస్తాం" అన్నారు. సీజనులో తాళమంటే ఏడాది తిండి పోయినట్టే. గవర్రాజు తల పట్టుకుని కూర్చున్నాడు.

అతని భార్య మంగతాయారు ఊరుకోలేదు. పక్క ఊరి నర్సరీ యజమాని తాతబ్బాయిని పిలుచుకొచ్చింది. పెద్దాయన గుట్ట చూసి నవ్వాడు.

"ఓరి పిచ్చోడా! అంటు కట్టాలంటే ముందు టెంక మొలవాలి కదా. వీటి కోసం మేం ఊళ్ళు తిరుగుతున్నాం. వారంలో లారీ తెస్తాను, మంచి ధర ఇస్తాను. శుభ్రంగా కడిగి నీడలో పెట్టు, తడిగోనె కప్పు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు గవర్రాజు. ఆయన అటు వెళ్ళగానే మాట మార్చాడు. "టెంకకి నీడట, తడిగోనెట! ఇరవై ఏళ్ళుగా ఎండబెట్టడమే నా పని. సరుకు ఎంత ఎండితే అంత నిలవ!"

"మొక్కల సంగతి ఆయనకి తెలుసండీ. చెప్పినట్టు చెయ్యండి" అంది మంగతాయారు.

వింటేగా! టెంకలన్నీ చాపల మీద నడి ఎండలో పరిచాడు. రోజుకు రెండుసార్లు తిరగేశాడు. వారానికి అవి గలగలలాడాయి. గవర్రాజు మీసం దువ్వుకున్నాడు.

తాతబ్బాయి లారీతో వచ్చి ఒక టెంక పగలగొట్టాడు. లోపలి జీడి వడలి ముడుచుకుపోయింది. పది పగలగొట్టాడు, పదీ అంతే.

"తాండ్రని ఎండబెట్టినట్టు ఎండబెట్టి చంపేశావు కదరా! తడి పోయిన జీడి మొలవదు. ఇవి పొయ్యిలోకే" అన్నాడు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

గడువు ఇంకా మూడు రోజులే. గవర్రాజు పరువు పక్కన పెట్టి ఇటుకల బట్టీకి పరిగెత్తాడు. వాళ్ళు కట్టెల ధరకి తీసుకున్నారు. అది బండి కిరాయికే సరిపోయింది. పాక నిలిచింది కానీ చేతికి చిల్లిగవ్వ మిగల్లేదు.

"బంగారంలాంటి బేరం నా చేతులారా పోగొట్టాను మంగా" అని గవర్రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మర్నాడు కొత్త పళ్ళు దిగగానే తానే వెళ్ళి నర్సరీలో కూర్చున్నాడు. ఎలా కడగాలో, ఎన్నాళ్ళు ఉంచాలో అడిగి మరీ నేర్చుకున్నాడు. అలాగే చేశాడు. ఈసారి తాతబ్బాయి పగలగొట్టిన టెంకలో జీడి పచ్చిగా, నిండుగా ఉంది. లారీ నిండింది.

నీతి: పారేసేదాన్నీ అమ్ముకోవచ్చు, కానీ కొనేవాడికి అది ఎలా కావాలో అడిగి, అలా చూసుకున్నవాడికే లాభం.