ప్రశ్నలు లేని పాసేజీ

మౌలాలి సారును ప్రశ్న అడగడం తేలిక, జవాబు రాబట్టడమే కష్టం. ఏది అడిగినా ముందు "ఊ" అంటారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటారు. ఇంక ఈయన దగ్గర జవాబు లేదు కాబోలని అడిగినవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. ఆ మర్నాడో మూడోనాడో ఆయన పిలిచి ఏదో ఒక పని పురమాయిస్తారు. అడిగినదానికీ ఆ పనికీ చుట్టరికం ఏమిటో చేసినవాళ్ళే వెతుక్కోవాలి. వెతుక్కునే ఓపిక లేనివాళ్ళు సారుకు చాదస్తం అనుకుంటారు. ఆయనా కాదనరు.

నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు చదివించే చోట్లకు కొదవ లేదు. టీ అంగడి దగ్గర నిలబడితే చాలు, పక్కవాడు గ్లాసు ఊదుకుంటూ ఇంగ్లీషు మాటలకు పర్యాయపదాలు వల్లిస్తూ కనిపిస్తాడు. ఏ జిల్లా పిల్లలైనా చివరికి ఇక్కడ తేలవలసిందే. పెద్ద పెద్ద సెంటర్లలో చదివి, ఒకటికి నాలుగుసార్లు పరీక్ష తప్పి, ముఖం చెల్లక ఊరికి పోలేనివాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళను మౌలాలి సారు తన మేడ మీది గదిలో కూర్చోబెట్టి ఇంగ్లీషు చెబుతారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఇంట్లో ఊరికే కూర్చుంటే బీబీ కూరగాయలు తరగమంటుందని ఈ పని పెట్టుకున్నానని చెబుతారు గానీ, అది నమ్మదగిన మాట కాదు.

ఆ గదిలో వెంగమాంబ ఒకతె. ఒంగోలు దగ్గర చీమకుర్తి ఆమెది. భర్త మాలకొండయ్య అక్కడి గ్రానైటు క్వారీలో క్రేను నడుపుతాడు. స్వయానా మేనమామ కొడుకు. పెళ్ళయిన మరుసటి ఏడే "నీకు చదువుంది, బుర్ర ఉంది, పోయి రాయి" అని అతనే తెచ్చి నంద్యాలలో ఆడపిల్లల హాస్టల్లో దిగబెట్టాడు. అప్పటినుంచి ఆమె రాస్తూనే ఉంది, ఉద్యోగం చేతిదాకా వచ్చి నోటిదాకా రాకుండా పోతూనే ఉంది. వయసు ఇంకొక్క పరీక్షకు మాత్రమే మిగిలింది. అది కూడా పోతే ఇన్నాళ్ళూ మొగుణ్ణి వదిలి ఉన్నది దేనికో తనకు తాను చెప్పుకోలేదు.

గ్రామరు ఆమెకు కొట్టిన పిండి. మాటల అర్థాలు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఎటొచ్చీ పాసేజీ దగ్గరే బోల్తా పడుతుంది. ఒక పేజీ ఇంగ్లీషు వ్యాసం ఇచ్చి కింద ప్రశ్నలు వేస్తారే, అది. దానికి సెంటర్లలో అందరూ నేర్పే కిటుకు ఒకటి ఉంది. ముందు ప్రశ్నలు చదువు, ఆ మాటలు పాసేజీలో ఎక్కడున్నాయో వెతుకు, దొరికిన వెంటనే గుర్తు పెట్టి ముందుకు పో. పాసేజీ మొత్తం చదివేవాడు పాసవడని వాళ్ళ సామెత. వెంగమాంబ ఆ కిటుకును ఎంతగా సాధన చేసిందంటే, ఇన్నేళ్ళలో వందల పాసేజీలకు జవాబులు రాసింది, ఒక్కటంటే ఒక్కటి కూడా మొదటినుంచి చివరిదాకా చదవలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అని అడిగినవన్నీ ఆమె పట్టేస్తుంది. చివర ఒక ప్రశ్న వస్తుంది. రాసినవాడి స్వరం ఏమిటి? కోపమా, వెటకారమా, బెంగా, లేక ఊరికే సమాచారం చెబుతున్నాడా? దానికి ఆమె ఎప్పుడూ సమాచారమనే గుర్తు పెడుతుంది. ఎప్పుడూ తప్పుతుంది. ఒకసారి ఆ ఒక్క ప్రశ్నతోనే ఉద్యోగం పోయింది.

అందుకే ఒకరోజు క్లాసు అయ్యాక ఆగి అడిగింది. "సార్, రాసినవాడు చెప్పని సంగతి చదివేవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?"

"ఊ," అన్నారు సారు. కళ్ళజోడు తీశారు. వెంగమాంబ కాసేపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆమెకు ఇంకో దిగులు కూడా ఉంది, అది సారుకు చెప్పలేదు. రోజూ సాయంత్రం భర్తకు ఫోను చేస్తుంది. మొదట్లో మాలకొండయ్య ఫోనంటే పెద్ద హరికథ. అతను ఏ సంగతీ తిన్నగా చెప్పే మనిషి కాదు. క్యారేజీలో ఏం తిన్నావని అడిగితే, క్వారీ దగ్గర తిరిగే కుంటికుక్క దగ్గర మొదలుపెట్టి, దానికి పేరు పెట్టిన కాపలాదారు మీదుగా, ఆ కాపలాదారు పెళ్ళాం పెట్టిన గోంగూర పచ్చడి దాకా వచ్చి, అప్పుడు క్యారేజీ మూత తీస్తాడు. ఆమెకు చదువు ముంచుకొస్తూ ఉంటుంది. "విషయానికి రా బావా, నాకు టైం లేదు," అనేది. అతను నవ్వి విషయానికి వచ్చేవాడు. అంటూ అంటూ ఉంటే రాను రాను కుక్క పోయింది, కాపలాదారు పోయాడు, విషయం ఒక్కటే మిగిలింది. తిన్నావా, తిన్నా. పగటి డ్యూటీనా, పగలే. అత్తకు మందులు తెచ్చావా, తెచ్చా. సరే ఉంటా. ఫోను పెట్టేశాక ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయేది. మాట్లాడక ముందుకంటే మాట్లాడిన తరవాతే అతని మీద బెంగ ఎక్కువయ్యేది. అతను మారిపోయాడని అనుకుంది. దూరంగా ఉంటే మగవాళ్ళు మారతారని హాస్టల్లో చెప్పేవాళ్ళకు లోటేముంది?

మూడోనాడు సారు ఆమెను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. ఇంగ్లీషు పాసేజీ. వెంగమాంబ అలవాటు ప్రకారం ముందు కాగితం కిందివైపు చూసింది. ఖాళీ. తిప్పి చూసింది. అటూ ఖాళీయే.

"ప్రశ్నలు లేవు సార్."

"రేపిస్తాలేమ్మా. నువ్వు చదివి పెట్టుకో, పో."

మధ్యాహ్నం హాస్టలు గదిలో మంచం మీద కూర్చుని కాగితం తెరిచింది. ప్రశ్నలు లేకపోయేసరికి ఆమెకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఏం వెతకాలో తెలియకుండా ఎక్కడని వెతుకుతుంది? ఏ వాక్యంలోంచి ప్రశ్న వస్తుందో తానే ఊహించి పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ పోయింది. రెండో పేరా దగ్గరకొచ్చేసరికి నవ్వొచ్చింది. ఇది తెలిసిన పాసేజీయే. ప్రాక్టీసు పేపర్లలో రెండు మూడుసార్లు వచ్చింది. ఏదో చలిదేశంలో ఒక వీధి, ఆ వీధిలో ఒక రొట్టెల బట్టీ. బట్టీ ఎన్నింటికి వెలిగిస్తారు, ఏ గోధుమలు వాడతారు, చివరికి దాన్ని ఎందుకు మూసేశారు, ఈ జవాబులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. స్వరం మాత్రం సమాచారమని పెట్టి తప్పిన గుర్తు.

వచ్చినదాన్ని మళ్ళీ ఎందుకిచ్చారో అర్థంకాక, చేసేది లేక, మొదటినుంచి చదివింది. ఒక్కొక్క వాక్యమే చదివింది. రాసినవాణ్ణి చిన్నప్పుడు తెల్లవారకముందే వాళ్ళమ్మ చేతికి గుడ్డ ఇచ్చి బట్టీకి పంపేదట. వేడి రొట్టె దానిలో చుట్టి తేవాలి. తెచ్చినవాడికి రొట్టె అంచు ముక్క హక్కు. దారిలో కుడివైపు ఇంటివాళ్ళకు ఒక పొగరుబోతు కుక్క ఉండేదట, అందుకని రొట్టెను ఎడమ చంకలో పెట్టుకుని నడిచేవాడట. తరవాత బట్టీ మూసేశారు. వీధిని కొట్టేసి వెడల్పు రోడ్డు వేశారు. ఇప్పుడు బస్సులు చాలా త్వరగా పోతాయని విన్నానని రాశాడు. అంటే చూడలేదు, విన్నాడు. ఆ తరవాత ఒక వాక్యం ఉంది. ఏ ప్రశ్నపత్రంలోనూ దానిమీద ప్రశ్న రాలేదు గనక ఆమె కంట పడనే లేదు. తానిప్పుడున్న పట్నంలో కుక్కలు లేవనీ, అయినా అంగట్లో రొట్టె కొంటే ఎడమ చంకలోనే పెట్టుకుని ఇంటికి పోతాననీ రాశాడు. అంతే. అక్కడితో వ్యాసం అయిపోయింది.

వెంగమాంబ కాగితం పక్కన పెట్టింది. ముసలాడు ఒకడు ఊరు కాని ఊళ్ళో లేని కుక్కకు భయపడుతూ నడిచిపోతున్నాడు. ఎక్కడా ఒక్క ముక్క దిగులుగా ఉందని చెప్పలేదు. ఆమెకు మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది. ముందు ఆ ముసలాడి కోసమే ఏడ్చింది. కళ్ళు తుడుచుకునే వేళకు అతను గుర్తుకు రాలేదు, మాలకొండయ్య గుర్తొచ్చాడు. అతని కుంటికుక్క గుర్తొచ్చింది. అది ఉందో పోయిందో కూడా తనకు తెలియదు. విషయానికి రా, విషయానికి రా అని ఎన్నిసార్లు అందో తలచుకుంటే సిగ్గనిపించింది.

సాయంత్రం రోజూ చేసే వేళకే ఫోను చేసింది. మాలకొండయ్య ఎత్తాడు. ఆమె ఏమీ అడగలేదు.

"తిన్నా," అన్నాడు అతను, అలవాటు ప్రకారం. "డ్యూటీ పగలే. అమ్మకి మందులు తెచ్చా." ఇంకా ఆమె మాట్లాడకపోయేసరికి కంగారుపడ్డాడు. "ఏందే, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండా బావా. ఊరికే చేశా. ఏదన్నా చెప్పు."

"ఏం చెప్పాల?"

"ఏదన్నా. మొదట్నించీ చెప్పు."

ఎన్నాళ్ళుగానో తలుపు మూసి ఉన్న ఇంట్లోకి రమ్మంటే మనిషి గడప దగ్గర తచ్చాడినట్టు అతను తచ్చాడాడు. తరవాత మెల్లగా మొదలుపెట్టాడు.

"పోయిన నెల్లో ఒకరోజు సెలవిచ్చారు. ఇంట్లో కూసుని ఏం జేస్తాంలే అని బస్సెక్కా. నా పక్కన ఒక ముసలామె, ఒళ్ళో బుట్ట, బుట్టలో కోడిపెట్ట. పొదిలి దాటిందాకా ఆ కోడి నా చొక్కా గుండీ పొడస్తానే ఉండాది. అడివిలో ఘాటు రోడ్డు మీద బస్సాగిపోయింది. డైవరు అరటిపళ్ళు కోతులెత్తుకుపోయినయి. నవ్వుకున్నాం అందరం. ఆ ముసలామె కూతురికి కాన్పయిందంట, పచ్చిబాలింతకి కూర చేసి పెట్టాలని సొంతంగా పెంచిందంట ఆ కోడిని."

"విషయం" అనే మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అడవి, ఘాటు, కోతులు. చీమకుర్తి నుంచి ఆ దారిన వచ్చే బస్సు ఎటు పోతుందో ఆమెకు బాగా తెలుసు.

"దిగి ఉగ్గాని తిన్నా, బజ్జీ ఏసుకుని. బాగుంది. మన దిక్కు దొరకదది. ఆడ ఎదురుగ్గా ఒక మేడ. మేడ మీద ఒకామె పుస్తకం పట్టుకుని ఈ చివర్నించి ఆ చివరికి తిరగతా ఉంది. పచ్చ చున్నీ. గోడ దగ్గరకొచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తా ఉంది. చిక్కిపోయింది మనిషి. చదువుకునేవాళ్ళని పిలవగూడదు గదా. ఇంకో టీ తాగినా, అది అయిపోయినాక ఇంకోటి తాగినా. బస్సుకి టైమైందని ఎక్కేసినా."

వెంగమాంబ చున్నీని నోటికి అడ్డం పెట్టుకుంది. ఏ రోజు? ఎందుకు పిలవలేదు? ఎంతసేపు నిలబడ్డావు? ప్రశ్నలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఒక్కటీ అడగలేదు. అడిగితే అతను జవాబు చెబుతాడు, చెప్పి ఆగిపోతాడు.

"ఊ," అంది.

"తిరుగు బస్సులో ఆ ముసలామె మళ్ళా కనపడింది," అన్నాడు మాలకొండయ్య. "కోడి లేదు. కూతురింటో ఇచ్చేసి వస్తా ఉందంట. నేనే బుట్ట అందుకుని పైన పెట్టా. ఖాళీ బుట్టేగా అవ్వా, బరువేముంది అన్నా. ఏమో నాయనా, వచ్చేటప్పుడే నయం, పోయేటప్పుడే మోయలేకపోతన్నా అంది."

ఆ తరవాత ఇద్దరూ చాలాసేపు ఫోను పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె అందరికంటే ముందు మేడ ఎక్కింది. సారు ఒక్కరే ఉన్నారు. "చదివినావా?" అని అడిగారు. చదివానని చెప్పి, రొట్టె ముసలాడి సంగతి చెప్పింది. చెప్పదలుచుకోకపోయినా దాని వెనకే మాలకొండయ్య సంగతీ వచ్చేసింది. కోడి, కోతులు, ఉగ్గాని, ఒక్కటీ వదలకుండా వరసగా చెప్పింది.

అంతా విని, "ఎప్పుడొచ్చినాడంట?" అన్నారు.

"అడగలేదు సార్."

సారు ఆమె ముఖం వంక ఒకసారి చూసి, చెయ్యి చాచి కాగితం తీసుకున్నారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. మిగతా పిల్లలు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. వెంగమాంబ లేచి తన చోటికి పోబోతూ ఆగింది.

"సార్, ప్రశ్నలు ఇవ్వాళ ఇస్తానన్నారు."

"పరీక్షలో వాళ్ళిస్తార్లేమ్మా," అన్నారు మౌలాలి సారు. "నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టి రా. నిన్న నువ్వు చదివినదాన్ని దిద్దేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు."